తుప్పు దాచిన నేత

మిక్లింగ్ ఊళ్ళో, మట్టిలో పాత లోహవస్తువులు వెతికేవాళ్ళ డిటెక్టర్ సంఘంలో పదిహేడు మంది సభ్యులు. వాళ్ళలో పదహారు మందికి ఒకటే జబ్బు. యంత్రం కూసిన చోట తవ్వగానే మట్టిలోంచి ఏది బయటపడినా ముందు బొటనవేలితో రుద్దుతారు. రాజుగారి బొమ్మ కనపడాలి, అంకె కనపడాలి, ఏదీ లేకపోతే కనీసం మెరుపైనా కనపడాలి. ఉమ్మి తడిచేసి రుద్దేవాళ్ళు కొందరు, ప్యాంటుకేసి రుద్దేవాళ్ళు కొందరు. ఆ తొందరలో ఎంతమంది రాజుల ముక్కులు అరిగిపోయాయో దేవుడికే తెలియాలి.

పదిహేడోవాడు క్లెమ్ థర్టిల్. ఆయన రుద్దడు. దొరికినదాన్ని దొరికినట్టే చిన్న డబ్బాలో పెట్టి, చుట్టూ ఆ గుంతలోని తడిమట్టే కూరి, మూతపెట్టి, మూత మీద పొలం పేరూ, ఏ గట్టునుంచి ఎన్ని అడుగుల్లో దొరికిందో రాసి, గురువారం నాడు మ్యూజియం అధికారికి అప్పగిస్తాడు. అందుకే ఆయనకి 'మట్టి క్లెమ్' అని పేరు పడింది.

"ఏరా క్లెమ్, ఇవాళెన్ని కేజీలు దొరికింది మట్టి?" అని పెర్సీ అడుగుతాడు, టీ ఫ్లాస్కు మూత తిప్పుతూ. పెర్సీ ఆయన చిన్ననాటి స్నేహితుడు. "మా తోటలో బంగాళదుంపలు కూడా తవ్విస్తాను, పట్టుకుపో. కడక్కుండా దాచుకుందువుగాని."

క్లెమ్ నవ్వి ఊరుకుంటాడు. ఆయన ఎందుకు రుద్దడో ఊళ్ళో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఆయన భార్య ఎనిడ్.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, మార్చి నెలలో, గూచ్ అనే రైతు మెరక పొలంలో క్లెమ్‌కి ఒక బ్రోచ్ దొరికింది. బొటనవేలంత పొడవు, కంచుది. పైన మూడు రెక్కలు, కింద గుర్రం మూతి. పదిహేను వందల ఏళ్ళ కిందట ఈ నేల మీద తిరిగిన ఆడవాళ్ళు ఒంటిమీది గుడ్డ జారకుండా భుజం దగ్గర ఇలాంటివి గుచ్చుకునేవాళ్ళు. వెనక పిన్ను ఉండాల్సిన చోట గోధుమరంగు తుప్పుగడ్డ ఒకటి అంటుకుని ఉంది. గూచ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా బార్లీ కాకపోతే ఏదైనా నీదేనయ్యా," అని చేతిలో పెట్టేశాడు.

క్లెమ్‌కి అప్పుడు నలభై ఏడు. ఆ వారంలోనే ఎనిడ్ పుట్టినరోజు. దాచిపెట్టి ఇచ్చే ఓపిక ఆయనకెప్పుడూ లేదు. వంటింటి బల్ల మీద కాగితం పరిచి, గిన్నెలో వెనిగర్ పోసి, పళ్ళ బ్రష్షుతో ఆవిడ ఎదుటే మొదలుపెట్టాడు. కంచు మెరిసింది. తుప్పుగడ్డ మాత్రం ఊడలేదు. చాకు తీసుకున్నాడు.

ఎనిడ్ మేజోళ్ళు బాగుచేసుకుంటూ ఎదురుగా కూర్చుని ఉంది. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి పద్దెనిమిదేళ్ళు నారిచ్ నగరంలో ఉన్నిబట్టల మిల్లులో రఫ్ఫుపని చేసిన మనిషి. మగ్గం దిగిన గుడ్డలో పోగు తెగిన చోటు వేలితో తడిమి కనిపెట్టడం, సూదితో పోగుకు పోగు అల్లి అక్కడ ఏమీ జరగనట్టు చేయడం ఆవిడ పని. ఆవిడ మెడ ముందుకు చాచి చూసింది.

"క్లెమ్, ఆగు. అది తుప్పు కాదు. గుడ్డ."

"గుడ్డేమిటి నీ మొహం. తుప్పు."

"పోగులు నా కంటికి కనిపిస్తుంటేనూ."

"పదిహేను వందల ఏళ్ళు మట్టిలో గుడ్డ ఆగుతుందా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంటూనే క్లెమ్ చాకు మొనతో గీకేశాడు. గోధుమరంగు పొడి కాగితం మీద రాలింది. ఆ కాగితం మడిచి పొయ్యిలో వేశాడు. వెనక ఒక మెరిసే స్టీలు పిన్ను జిగురుతో అతికించి, ఆవిడ నీలం ఉన్ని స్వెట్టరుకి ఎడమవైపు, గుండెకు కాస్త పైన, తన చేత్తోనే పెట్టాడు. అప్పటినుంచి అది అక్కడే ఉంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు కౌంటీ మ్యూజియం నుంచి బ్రయొనీ అనే కొత్త అధికారి వచ్చింది. అప్పట్లో పాతికేళ్ళ పిల్ల. ఊరి హాల్లో తెర కట్టి బొమ్మలు చూపించింది. ఒక బొమ్మలో బ్రోచ్ వెనకవైపు, ఇంతకింత చేసి, గోడంత పెద్దగా కనబడింది. గోధుమరంగు గడ్డ మీద ఒక పోగు కింద ఇంకో పోగు దూరి, వరసలు వరసలుగా నేత.

"ఇనుప పిన్ను తుప్పుపడుతూ తనను ఆనుకున్న గుడ్డను పోగు పోగునా తాగేస్తుందండీ," అందా పిల్ల. "గుడ్డ కుళ్ళిపోయినా దాని అచ్చు తుప్పులో ఉండిపోతుంది. ఆ మనిషి ఏం కట్టుకుందో మనకు చెప్పేది అదొక్కటే. దయచేసి ఎవరూ గీకొద్దు. రుద్దొద్దు కూడా."

క్లెమ్ చేతిలో టీ చల్లారిపోయింది. ఇంటికెళ్ళి వంటింటి బల్ల ముందు కూర్చుని, తన చేతులకేసి చూసుకుంటూ జరిగింది చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని ఎనిడ్ అనలేదు. అనొచ్చు, అనే హక్కు ఆవిడకుంది. లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

ఆనాటినుంచి క్లెమ్ ఏదీ రుద్దలేదు. ఆ బ్రోచ్ సంగతి బ్రయొనీకి చెప్పనూ లేదు. ఆ కాలపు ఆడవాళ్ళు బ్రోచ్‌లు జతగా పెట్టుకునేవాళ్ళని తెలుసుకున్నాడు, రెండు భుజాలకూ రెండు. ఒకటి దొరికిందంటే రెండోది ఆ మెరకలోనే ఎక్కడో ఉండాలి. దాని వెనక, తుప్పులో, అదే గుడ్డ ఉండాలి. దాన్ని చెక్కుచెదరకుండా తీసి బ్రయొనీ బల్ల మీద పెడితే తన తప్పు చెప్పుకోవడానికి నోరు పెగులుతుందని అనుకున్నాడు. అలా అనుకుంటూ ఇరవై రెండు ఏళ్ళు ఆ పొలంలో తిరిగాడు.

ఈ సెప్టెంబరులో బార్లీ కోత తొందరగా అయింది. క్లెమ్‌కి డెబ్భై ఎనిమిది. జబ్బుపడ్డ ఎనిడ్ మంచం మేడ మీంచి ముందుగదిలోకి, కిటికీ పక్కకి దిగింది. ఆకులు రాలేదాకా ఉంటుందేమోనని డాక్టరు అన్నాడు. పొద్దున్నే నర్సు వచ్చి ఒళ్ళు తుడిచి, మందు ఇచ్చి వెళ్ళే గంటన్నరా "నా ముఖం చూస్తూ కూచోకు, పొలానికి పో" అని ఎనిడ్ ఆయన్ని తరిమేస్తుంది.

మెరక పొలంలో ఆ వేళకి నది మీంచి పొగమంచు పైకి పాకుతూ ఉంటుంది. కోసిన బార్లీ మొదళ్ళు తడిగా, తెల్లగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలియకుండా ఉంటాయి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే లోకం చప్పుడు ఆగిపోయి యంత్రం గొణుగుడు ఒక్కటే మిగులుతుంది, పక్కగదిలో ఎవరో పాడుకుంటున్నట్టు. క్లెమ్ చేయి దానంతటది అటూ ఇటూ ఊగుతుంది. కాళ్ళు నడుస్తాయి. కళ్ళు తెరిచే ఉంటాయిగాని, ఆయన మేలుకుని ఉన్నాడా అంటే చెప్పడం కష్టం.

అలాంటప్పుడే ఆవిడ కనిపిస్తుంది. పాతిక గజాల ముందు, పొగమంచులో, ఒక ఆడమనిషి అటు తిరిగి నడుస్తూ ఉంటుంది. భుజాల మీంచి జారిన గుడ్డ మడమల దాకా ఉంటుంది. క్లెమ్ ఆగితే ఆవిడా ఆగుతుంది. ఆ గుడ్డ నేత చూద్దామని ఆయన రెండడుగులు గబగబా వేస్తాడు, మంచు వాళ్ళిద్దరి మధ్యకి వస్తుంది. ఈ సంగతి పెర్సీకి చెబితే పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడని ఊరంతా చాటేవాడు. క్లెమ్ ఎనిడ్ ఒక్కదానికే చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. పక్కింటావిడ గురించి అడిగినట్టు రోజూ అడుగుతుంది.

ఆ రోజు కూడా యంత్రం ఒకసారి గట్టిగా, శుభ్రంగా కూసింది. మోకాళ్ళ మీద వంగి, చేతిపారతో చదరంగా మట్టిపెళ్ళ లేపి, వేళ్ళతో మెల్లగా విడదీశాడు. వేటగాడి తూటా అడుగు ఇత్తడి మూత. దాన్నీ రుద్దలేదు. అలవాటు మరి.

ఇంటికొచ్చేసరికి ఎనిడ్ దిండుకి ఆనుకుని కిటికీలోంచి చూస్తోంది. నీలం స్వెట్టరు రాత్రి గౌను మీద వేసుకుంది. బ్రోచ్ దాని చోటులో ఉంది.

"ఏం తెచ్చావు?"

"తూటా మూత ఒకటి, గుండీ ఒకటి, బీరు డబ్బా రింగులు మూడు."

"కొండను తవ్వి ఎలుకను పట్టావన్నమాట."

"ఎలుక కూడా లేదు."

"మరి ఆవిడ?"

"ఇవాళ కూడా వెనక్కి తిరగలేదు."

ఎనిడ్ కాసేపు కళ్ళు మూసుకుంది. మందు వల్ల ఆవిడ మాట మధ్యలో ఎక్కడికో వెళ్ళి తిరిగొస్తూ ఉంటుంది. "ఆవిడేం తిరుగుతుంది, పాపం. ఆవిడకి చలి. నువ్వు గుడ్డ లాగేశావుగా," అంది. ఆవిడ కళ్ళు తెరిచినప్పుడు చూపు తేటగా ఉంది.

"క్లెమ్, రెండోది దొరకదు. ఏ నాగలో ఎప్పుడో లాక్కుపోయి ఉంటుంది. బ్రయొనీని పిలు. నేను చూసింది రాసుకుంటుంది."

"నువ్వు చూసింది అరనిమిషం."

"అరనిమిషం ఎక్కువ నాకు. మిల్లులో గుడ్డ పరిగెడుతుంటే చూసేదాన్ని."

"పిలిస్తే బ్రోచ్ సంగతి చెప్పాలి కదా."

"చెప్పు."

క్లెమ్ బూట్ల తాళ్ళు విప్పుతున్నట్టు తల వంచుకున్నాడు. కొత్తగా చేరిన ప్రతివాడితోనూ బ్రయొనీ ఒకే మాట అంటుంది. క్లెమ్ గారిని చూసి నేర్చుకోండి, ఈ కౌంటీ మొత్తం మీద ఆయనంత శుభ్రంగా పనిచేసే మనిషి లేడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకి చెవులు మండుతాయి. అయినా ఆ మాట పోగొట్టుకోవడానికి మనసొప్పదు. మనిషి బుద్ధి అంతే.

"పరువు పోతుందనా?" అంది ఎనిడ్. "ఇలా చూడు. ఆ గుడ్డ ఇప్పుడీ లోకంలో ఒకే ఒక్క చోట ఉంది." వేలితో నుదురు తట్టుకుంది. "నువ్వు పరువు మూటగట్టుకుని కూచుంటే నాతోపాటు అదీ పోతుంది. రెండోసారి. ఈసారి నీకు చాకు కూడా అక్కర్లేదు."

గురువారం నాడు బ్రయొనీ పక్కనున్న సంత ఊరి గ్రంథాలయంలో బల్ల వేసుకుని కూర్చుంటుంది. క్లెమ్ ఉత్తచేతులతో వెళ్ళాడు. వరసలో తన ముందున్న ఇద్దరినీ వెళ్ళనిచ్చి, తన వెనకున్న ముగ్గురిని కూడా ముందుకు పంపించి, ఆఖరికి ఇంకెవరూ మిగలక కుర్చీలో కూర్చున్నాడు.

"డబ్బా ఏదండీ క్లెమ్ గారూ?" అంది బ్రయొనీ. జుట్టులో అక్కడక్కడా తెలుపు వచ్చింది, గొంతు మాత్రం ఆ హాల్లో విన్నదే.

"డబ్బా లేదమ్మాయ్. ఒకటి చెప్పాలి."

చెప్పాడు. తొందర తొందరగా, బల్ల మీదున్న పాత గుండీలకేసి చూస్తూ, పొలం దగ్గర్నుంచి పొయ్యి దాకా అంతా చెప్పాడు. బ్రయొనీ మధ్యలో ఒక్క మాట అడిగింది. "దేంతో?"

"ముందు పళ్ళ బ్రష్షు. తర్వాత చాకు."

ఆవిడ కలం కింద పెట్టేసింది. క్లెమ్‌కి దానికన్నా నాలుగు తిట్లు తింటే నయమనిపించింది.

"నేను ఆ బొమ్మ చూపించిన రోజు మీరు మూడో వరసలో ఉన్నారు," అంది చివరికి. "నాకు గుర్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు, మీరు కొట్టలేదు. ఈ మనిషికి నా ఉపన్యాసం నచ్చలేదనుకుని ఆ వారమంతా బాధపడ్డాను." కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "కోపంగానే ఉందండీ నాకు. లేదంటే అబద్ధం. కానీ ఆ సంగతి తర్వాత చూసుకుంటాను. ఎనిడ్ గారు ఎలా ఉన్నారు?"

"పొద్దున పూట మాట్లాడుతుంది."

"రేపు పదింటికి వస్తాను."

వచ్చింది. కెమెరా, కొలబద్ద, భూతద్దం తెచ్చుకుంది. ఎనిడ్ స్వెట్టరు మీది బ్రోచ్ తనే విప్పి ఇచ్చింది. ఇస్తూ ఆ చోట అరచెయ్యి వేసి కప్పుకుంది. చలేమోనని క్లెమ్ శాలువా తెచ్చి కప్పాడు.

బ్రయొనీ భూతద్దంతో బ్రోచ్ వెనకవైపు మూల మూలా వెతికింది. ఒక్క పోగు ముక్కైనా మిగిలి ఉంటుందేమోనని జిగురు అంచుల కింద కూడా చూసింది. "చాలా శుభ్రంగా ఉంది," అంది. ఆ మాటకి క్లెమ్ టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"ఆయన్ని పోనీ," అంది ఎనిడ్. "నా సూదుల డబ్బా ఇలా అందుకో అమ్మాయ్. నోటితో చెబితే నీకు అర్థం కాదు."

అట్టముక్క మీద నిలువు పోగులు బిగించి, అడ్డం పోగు సూదితో నేయడం మొదలుపెట్టింది. రెండు పోగుల మీంచి, రెండు పోగుల కిందనుంచి. పై వరసలో ఒక పోగు జరిపి మళ్ళీ రెండు మీంచి, రెండు కిందనుంచి. వరసలు పెరిగేకొద్దీ గుడ్డ మీద వాలు గీతలు వచ్చాయి, వానజల్లు గాలికి వాలినట్టు. అలుపొస్తే ఆపేది. కళ్ళు మూతలు పడితే పడనిచ్చేది. తెరిచాక ఏ పోగు దగ్గర ఆగిందో ఆ పోగు దగ్గరే మొదలుపెట్టేది. ఆ గదిలో టైము ఎలా గడిచిందో బ్రయొనీకి తెలియలేదు. ఆ రోజు సగం పనే అయింది. మర్నాడు కూడా వచ్చింది, ఆ మర్నాడు కూడా.

మూడోరోజుకి అట్ట మీద మూడు పోస్టల్ స్టాంపులంత గుడ్డ తయారైంది. బ్రయొనీ దాన్ని చేతిలోకి తీసుకోబోతుంటే ఎనిడ్ ఆపింది.

"ఇంకా అవలేదు. కత్తెర ఇవ్వు."

తను మూడురోజులు నేసిన గుడ్డలో సరిగ్గా నడిమధ్య, పోగులు తెంపి, కందిగింజంత చిల్లి పెట్టింది. బ్రయొనీ కుర్చీలోంచి సగం లేచింది.

"అక్కడ రఫ్ఫు ఉందమ్మాయ్," అంది ఎనిడ్, సూదిలో కొత్త పోగు ఎక్కిస్తూ. "ఆ గుడ్డకి. పిన్ను గుచ్చి గుచ్చి చిరిగిన చోట ఎవరో చిల్లి పూడ్చారు. పోగు వేరే రకం, కాస్త లావు. ఇంట్లో ఉన్నదేదో వాడింది. చూడు, నేత వాలు ఇటుంటే ఆవిడ రఫ్ఫు అటు లాగింది. పనితనం లేక కాదు, తొందర. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చుంటుంది."

"మీరు అది కూడా చూశారా, ఆ అరనిమిషంలో?"

"ముందు చూసిందే అది. నేత తర్వాత చూశాను. రఫ్ఫుపని చేసేదాని కన్ను ఎక్కడికి పోతుంది మరి?" సూది ఒకసారి ఆగింది. "ఆవిడ బ్రోచ్ తీసుకెళ్ళి సరిగ్గా దాని మీదే పెట్టుకుంది. అతుకు ఎవరికీ కనపడకుండా. నాకు నవ్వొచ్చింది. నేను కట్టుకున్నవన్నీ అంతేగా."

టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చిన క్లెమ్ అక్కడే నిలబడిపోయాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు," అన్నాడు. "నాతో ఒక్కనాడైనా అన్నావా?"

"ఆ హాల్లోంచి వచ్చిన రోజున చెప్పుంటే నువ్వేమైపోయేవాడివి? చెప్పకపోయినా వారంరోజులు తిండి మానేశావు. గుడ్డ పోయిందంటేనే అంత. ఆవిడ చేతిపని కూడా పోయిందంటే?" ఎనిడ్ ఆయనకేసి చూడకుండా పోగు లాగింది. "టీ చల్లారిపోతుంది, తాగండి."

క్లెమ్ పళ్ళెం కింద పెట్టి గోడకి ఆనుకున్నాడు. కళ్ళు నిండాయి, దాచుకోలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఒక గుడ్డముక్క కోసం ఏడ్చుకుంటూ తిరిగాడు. ఆ గుడ్డ వెనక, చేతిలో సూది పట్టుకుని, పొయ్యికేసి ఒక కన్నూ అతుకుకేసి ఒక కన్నూ వేసుకుని కూర్చున్న మనిషి ఒకతె ఉందని ఇప్పుడే తెలిసింది.

రఫ్ఫు పూర్తయ్యాక ఎనిడ్ అట్టను బ్రయొనీకి ఇచ్చి, బ్రోచ్ చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. "ఈ పిన్ను తుప్పు పడుతుందా?"

"పట్టదండీ. స్టెయిన్‌లెస్ స్టీలు."

"అయితే ఇది పనికిరాదు, క్లెమ్. ఇనుపది వెయ్యి. నన్ను దీంతోనే పంపాలి."

బ్రయొనీ కెమెరా సంచీ జిప్పు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. "నేను మ్యూజియం మనిషిని," అంది. "భూమిలోంచి వచ్చినదాన్ని మళ్ళీ భూమిలో పెట్టమని నా నోటితో అనకూడదు."

"అనకు మరి. ఏ ఇనుమైతే మంచిదో అంతవరకు చెప్పు."

బ్రయొనీ కిటికీలోంచి బయటికి చూసింది. "మెత్తనిది," అంది. "కమ్మరివాళ్ళు చేత్తో కొట్టిన పాత ఇనుము. రంగు వేయొద్దు, నూనె రాయొద్దు. గుడ్డకి గట్టిగా ఆనుకుని ఉండాలి."

ఆ తర్వాత ఎనిడ్ పన్నెండు రోజులు బతికింది. వాటిలో ఎక్కువ రోజులు నిద్రలోనే ఉంది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరవకుండానే, "తిరిగింది, క్లెమ్," అంది. "ఎవరు?" అంటే, "మంచి మొహం. నాకన్నా చిన్నదే," అంది. ఇంకా ఏదో చెబుతుందని ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళిపోయిన పొద్దున కిటికీ అవతల పొగమంచు కంచె దాకా వచ్చి ఉంది.

క్లెమ్ షెడ్డులోకి వెళ్ళి పాత డబ్బా తీశాడు. మెరక పొలంలో ఇరవై రెండేళ్ళు దొరికిన పనికిరాని ఇనుమంతా అందులో ఉంది. లాడాలు, గొలుసు ముక్కలు, చేత్తో కొట్టిన మేకులు. పైన పెచ్చులున్నా లోపల గట్టిగా ఉన్న మేకు ఒకటి ఎంచి, నిప్పుల్లో కాల్చి, సుత్తితో సాగగొట్టి, సన్నటి పిన్ను చేశాడు. ఆయన చేతులు అంతకుముందెప్పుడూ అంత నెమ్మదిగా పనిచేయలేదు. పెర్సీ వచ్చి గుమ్మంలో నిలబడి, ఒక్క వెక్కిరింపు మాట కూడా లేకుండా, కొలిమి తిత్తి పట్టాడు.

స్టీలు పిన్ను ఊడదీసి కొత్తది బిగించాక, క్లెమ్ బ్రోచ్ తీసుకుని ముందుగదికి వెళ్ళాడు. ఎనిడ్‌కి నీలం స్వెట్టరు తొడిగి ఉంచారు. ఎడమవైపు, గుండెకు కాస్త పైన, ఎప్పటి చోటే పెడదామని వంగాడు.

అక్కడ ఒక రఫ్ఫు ఉంది.

ముప్పై ఒక్క ఏళ్ళు పిన్ను గుచ్చి గుచ్చి ఉన్ని చిరిగిన చోట, కందిగింజంత, నీలంలోనే కాస్త వేరే నీలం. మిల్లులో గుడ్డల మీద తప్పు జరిగినట్టే తెలియకుండా చేసిన మనిషి, తన స్వెట్టరుకి మాత్రం ఆ పనితనం చూపించలేదు. పోగు బిగలాగింది. తొందరలో వేసిన కుట్టు. ఏ పొద్దునో ఆయన పొలంనుంచి వచ్చే లోపల, పొయ్యి మీద ఏదో పెట్టి, కూర్చుని గబగబా వేసి ఉంటుంది.

క్లెమ్ దాని మీద వేలు పెట్టాడు. రుద్దలేదు. ఆన్చి ఉంచాడంతే. తర్వాత ఇనుప పిన్ను ఆ అతుకు పోగుల మధ్య నుంచే గుచ్చి, గుడ్డకి గట్టిగా ఆనేలా బిగించి, గుర్రం మూతి కిందకి వచ్చేలా సరిచేశాడు. అతుకు కనపడకుండా పోయింది.

అంత్యక్రియలైన తర్వాతి గురువారం ఆయన గ్రంథాలయానికి వెళ్ళాడు. బ్రయొనీ ఫారం దాదాపు నింపేసింది. దొరికిన చోటు, కొలతలు, నేత, రఫ్ఫు, అన్నీ ఉన్నాయి. 'చూసినవారు' అన్న చోట ఎనిడ్ థర్టిల్, రఫ్ఫుపనివారు అని రాసి ఉంది. అట్ట మీది గుడ్డ చిన్న పెట్టెలో, దూది మీద ఉంది.

"ఒక్క గడి మిగిలిందండీ," అంది బ్రయొనీ. "వస్తువు ప్రస్తుతం ఎక్కడుంది అని."

క్లెమ్ జేబులోంచి కాగితం తీశాడు. చర్చి ఆవరణలో, ఉత్తరపు గోడనుంచి ఎన్ని అడుగులు, యూ చెట్టునుంచి ఎన్ని, లోతు ఎంత, అన్నీ ఎప్పట్లాగే శుభ్రంగా కొలిచి రాసి ఉన్నాయి. బ్రయొనీ వాటిని ఒక్కొక్కటే ఫారంలోకి ఎక్కించింది.

"కింద ఇంకో ముక్క రాయమ్మాయ్," అన్నాడు క్లెమ్.

"చెప్పండి."

"ఎప్పటికైనా ఎవరైనా తీస్తే, వెనకవైపు రుద్దొద్దని రాయి. దాని కింద అతుకు ఉంది."

బ్రయొనీ రాసింది.